లోన్‌పై వెళ్లిన కుర్రాళ్లు: గోల్స్ లెక్కలో కనిపించని సంగతులు

2019 మే 27న లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు ఆస్టన్ విల్లా, డెర్బీ కౌంటీ ప్లేఆఫ్ ఫైనల్లో తలపడ్డాయి. గెలిచిన జట్టు అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్తుంది, ఓడిన జట్టు మరో ఏడాది రెండో శ్రేణి ఛాంపియన్‌షిప్‌లోనే ఉండిపోతుంది. ఆ మ్యాచ్‌ని ఈ రెండు క్లబ్బుల అభిమానులతో సమానంగా చెల్సీ అభిమానులు కూడా చూశారు. విల్లా ఫార్వర్డ్ ట్యామీ అబ్రహం, డెర్బీ మిడ్‌ఫీల్డర్ మేసన్ మౌంట్, డెర్బీ డిఫెండర్ ఫికాయో తొమోరి ముగ్గురూ చెల్సీ కుర్రాళ్లే. లోన్‌పై, అంటే చెల్సీ కాంట్రాక్ట్‌లోనే ఉంటూ కొంతకాలం వేరే క్లబ్‌కు, ఆడుతున్నారు. డెర్బీ మేనేజర్ ఫ్రాంక్ లాంపార్డ్ చెల్సీ తరఫున అత్యధిక గోల్స్ కొట్టిన ఆటగాడు. విల్లా 2-1తో గెలిచింది.

ఆ వేసవిలోనే లాంపార్డ్ చెల్సీ మేనేజర్ అయ్యాడు. పై ముగ్గురితో పాటు, విగాన్‌లో ఏడాది ఆడి వచ్చిన రైట్ బ్యాక్ రీస్ జేమ్స్ కూడా మొదటి జట్టులోకి వచ్చాడు. రెండేళ్లు తిరగకుండానే, 2021 మే 29న పోర్టోలో జరిగిన, యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మౌంట్ ఇచ్చిన పాస్‌కే కాయ్ హావర్ట్స్ ఏకైక గోల్ కొట్టాడు. జేమ్స్ మ్యాచ్ మొత్తం ఆడాడు. గాయపడ్డ థియాగో సిల్వా స్థానంలో దిగిన ఆండ్రియాస్ క్రిస్టెన్‌సెన్ కూడా అంతకుముందు జర్మనీలో బొరుస్సియా మ్యూన్‌షెన్‌గ్లాడ్‌బాక్‌కు రెండు సీజన్లు లోన్‌పై ఆడి వచ్చినవాడే.

కుర్రాళ్లను బయటికి పంపి రాటుదేల్చి తెచ్చుకోవడం ఎలాగో చెప్పడానికి ఈ కథనే ఉదాహరణగా చూపిస్తుంటారు. కథ నిజమే కానీ, ఇందులో ఒక ముఖ్యమైన సంగతి చెప్పకుండా వదిలేస్తుంటారు. మైనర్ ఆటగాళ్లను చేర్చుకోవడంలో నిబంధనలు ఉల్లంఘించినందుకు ఫిఫా 2019 ఫిబ్రవరిలో చెల్సీ మీద రెండు ట్రాన్స్‌ఫర్ విండోల (క్లబ్బులు ఆటగాళ్లను కొనుక్కునే గడువుల) నిషేధం విధించింది. ఆ వేసవిలో కొత్తవాళ్లను కొనే దారి మూసుకుపోయింది. ఆ నిషేధం లేకుంటే ఈ నలుగురికీ ఒకేసారి తలుపు తెరుచుకునేదా? అనుమానమే. 2018-19లో చెల్సీ లోన్‌పై పంపిన ఆటగాళ్లు దాదాపు 40 మంది. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ జట్టు జెర్సీలో కనిపించలేదు.

లోన్ ఆటగాళ్లను గమనించేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఆటగాడు ఎంత బాగా ఆడాడన్నది ఒక ప్రశ్న, అతనికి సొంత క్లబ్‌లో చోటు దొరుకుతుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరికినట్టు కాదు.

ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లు మనకు వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు మొదలవుతాయి. అవి ముగిశాక ఫోన్‌లోకి వచ్చే సమాచారం దాదాపు ఒకే మూసలో ఉంటుంది: ఫలానా కుర్రాడు గోల్ కొట్టాడు, ఫలానావాడు 90 నిమిషాలు ఆడాడు, ఇంకొకడు బెంచ్ మీదే ఉన్నాడు. ఏ బోర్డు పరీక్షో, పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో తెలియకుండా పిల్లాడి మార్కులు మాత్రం చూసినట్టు ఉంటుంది ఇది.

అబ్రహంనే తీసుకుందాం. 2016-17లో బ్రిస్టల్ సిటీ తరఫున ఛాంపియన్‌షిప్‌లో 23 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో స్వాన్సీకి ఆడి లీగ్‌లో 5 కొట్టాడు, ఆ జట్టు కింది శ్రేణికి పడిపోయింది. తర్వాత విల్లాతో మళ్లీ ఛాంపియన్‌షిప్‌కి వచ్చి 25 కొట్టాడు. ఈ మూడు అంకెల్ని వరసగా చదివితే, ఎదిగి, పడి, లేచిన కుర్రాడిలా కనిపిస్తాడు. నిజానికి మధ్యలో మారింది అతని కంటే అతని చుట్టూ ఉన్న జట్టే. స్వాన్సీ ఆ ఏడాది గోల్స్ కోసం అల్లాడిన జట్టు, ముందు నిలబడ్డవాడికి బంతి అందితే కదా కొట్టేది. 2019-20లో చెల్సీకి ఆడినప్పుడు అదే ప్రీమియర్ లీగ్‌లో 15 కొట్టాడు. ఫార్వర్డ్ గోల్స్ సంఖ్య చూసేముందు, ఆ జట్టు మొత్తం ఎన్ని కొట్టింది, ఇతనికి ఎన్ని అవకాశాలు వచ్చాయి అని చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

దీనికి తలకిందుల ఉదాహరణ హ్యారీ కేన్. టాటెన్‌హామ్ అతన్ని లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్‌లకు లోన్‌పై పంపింది. 2013లో లెస్టర్‌కు అతను కొట్టింది రెండు గోల్స్. ఆ ఏడాది ప్లేఆఫ్ సెమీఫైనల్లో బెంచ్ మీద కూర్చున్నాడు, పక్కనే జేమీ వార్డీ కూడా. ఆ రోజు ఆ ఇద్దర్నీ చూసి, వీళ్లలో ఒకడు ఇంగ్లండ్ తరఫున అత్యధిక గోల్స్ కొడతాడు, ఇంకొకడు మూడేళ్లకే లెస్టర్‌ను ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ చేస్తాడు అంటే నవ్వేవాళ్లు.

డిఫెండర్ల విషయంలో అంకెలు ఇంకా మోసం చేస్తాయి. లెవై కోల్‌విల్ 2021-22లో చెల్సీ నుంచి హడర్స్‌ఫీల్డ్‌కు వెళ్లాడు. ఆ సీజన్ ప్లేఆఫ్ ఫైనల్లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోల్ కోల్‌విల్ కాలికి తగిలి వెళ్లిన సెల్ఫ్ గోల్. స్కోరు మాత్రమే చూసినవాడికి ఆ పేరు అలాగే గుర్తుండిపోతుంది. కానీ మర్నాడు ఎవరూ అతని ధర తగ్గించలేదు. ఎడమ కాలితో వెనక నుంచి ఆట మొదలుపెట్టగల 19 ఏళ్ల సెంటర్ బ్యాక్ ఆ ఏడాదంతా ఎలా ఆడాడో చూసిన బ్రైటన్, ప్రీమియర్ లీగ్ కోసం అతన్ని లోన్‌పై తీసుకుంది. 2025 జులైలో ఫ్రాన్స్ జట్టు పీఎస్‌జీని 3-0తో ఓడించి చెల్సీ క్లబ్ వరల్డ్ కప్ గెలిచిన ఫైనల్లో డిఫెన్స్ మధ్యలో నిలబడింది అతనే.

అయితే దేన్ని చూడాలి? ఒక్క అంకె మాత్రమే ఎంచుకోమంటే, ఆడిన నిమిషాలు. అందులోనూ ఫిబ్రవరి నుంచి మే దాకా ఆడిన నిమిషాలు. ఆగస్టులో కొత్తగా వచ్చినవాణ్ని ఎవరైనా ఒకసారి ఆడించి చూస్తారు. జనవరి విండో వచ్చేసరికి కోచ్‌కి అతను ఏమిటో తెలిసిపోతుంది. ఇష్టం లేకపోతే ఆ స్థానంలో ఇంకొకణ్ని తెచ్చుకునే వీలూ ఉంటుంది. ఆ నెల దాటాక కూడా, పాయింట్ల కోసం జట్టు గింజుకుంటున్న రోజుల్లో కూడా ఆడిస్తున్నాడంటే, మొహమాటానికి కాదు.

ఇక్కడ తీసుకున్న క్లబ్ వైపు నుంచి కూడా ఆలోచించాలి. సొంత క్లబ్ అభిమాని ‘మావాణ్ని ఎందుకు ఆడించడం లేదు’ అని విసుక్కుంటాడు. ఆ మేనేజర్ ఉద్యోగం మాత్రం వచ్చే నాలుగు మ్యాచ్‌ల మీద ఆధారపడి ఉంటుంది. తన దగ్గర అంతే సత్తా ఉన్న సొంత కుర్రాడు ఉంటే వాణ్నే ఆడిస్తాడు, రేపు వాణ్ని అమ్మితే డబ్బు తన క్లబ్‌కి వస్తుంది. ఊరివాడి ఆస్తికి మెరుగులు దిద్దడం అతని పని కాదు. అందుకే కొన్ని ఒప్పందాల్లో, ఆడిస్తే లోన్ ఫీజు తగ్గేట్టు, కూర్చోబెడితే పెరిగేట్టు రాసుకుంటారు.

ఒకే ఆటగాడు రెండు చోట్ల ఎంత వేరుగా కనిపిస్తాడో ఆండ్రే సాంటోస్ ఉదంతం చెబుతుంది. ఈ బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్‌ను చెల్సీ 2023లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు పంపింది. అక్కడ ఒకటి రెండు మ్యాచ్‌లకు మించి ఆడలేదు. 2024 జనవరిలో వెనక్కి పిలిచి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌కు పంపారు. 2024-25లో అక్కడ లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడు. మిడ్‌ఫీల్డర్‌కు అది చాలా పెద్ద సంఖ్య. ఆ జట్టు ఏడో స్థానంలో నిలిచి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. ఏడాది తేడాలో మనిషి మారిపోలేదు. ఒకచోట అతని స్థానంలో ఆడేవాళ్లు వరసలో ఉన్నారు, ఇంకోచోట అతని కోసం జాగా ఖాళీగా ఉంది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. స్ట్రాస్‌బోర్గ్‌ను 2023 జూన్‌లో కొన్నది చెల్సీ యజమానులే.

అందుకే ఒక కుర్రాడు లోన్‌పై వెళ్లాడన్న వార్త రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ క్లబ్’ అని కాదు, ‘అక్కడ అతన్ని కోరుకున్నది ఎవరు’ అని. మౌంట్, తొమోరి డెర్బీ వెళ్లినప్పుడు లాంపార్డ్ పక్కన అసిస్టెంట్‌గా ఉన్న జోడీ మోరిస్, అంతకుముందు చెల్సీ అండర్-18 జట్టుకు కోచ్. కుర్రాళ్ల బలాబలాలు తెలిసిన మనిషి. జాష్ మెకెక్రన్‌కు అలాంటి అండ దొరకలేదు. 2010-11లో 17 ఏళ్లకే చెల్సీ మొదటి జట్టులో ఆడి, ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డ్ భవిష్యత్తు ఇతనే అనిపించుకున్నాడు. తర్వాత స్వాన్సీ, మిడిల్స్‌బ్రో, వాట్‌ఫర్డ్, విగాన్, నెదర్లాండ్స్‌లో వితెస్సే అంటూ తిరిగాడు. ప్రతి చోటా కొత్త కోచ్, కొత్త పద్ధతి, మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవడం. 2015లో బ్రెంట్‌ఫర్డ్‌కు వెళ్లిపోయాడు.

ఎక్కే మెట్లు ఒక క్రమంలో ఉన్నాయా లేదా అన్నది కూడా ఒక ఆనవాలే. కోనర్ గాలగర్‌ది చక్కటి మెట్ల దారి. 2019-20 మొదటి సగం చార్ల్‌టన్‌లో ఆడాడు. జనవరిలో వెనక్కి పిలిచి, అదే శ్రేణిలో పైకి చూస్తున్న స్వాన్సీకి పంపారు. మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో వెస్ట్ బ్రామ్, ఆ తర్వాత క్రిస్టల్ ప్యాలెస్. ప్యాలెస్‌లో ఆడుతుండగానే 2021 నవంబర్‌లో ఇంగ్లండ్ జట్టులోకి వచ్చాడు. ప్రతి ఏడూ పని కాస్త కష్టమైంది, ప్రతి ఏడూ నిలబడ్డాడు. ఒకే శ్రేణిలో మూడో లోన్, నాలుగో లోన్ అని వార్త వస్తే మాత్రం, క్లబ్ అతన్ని పెంచడం మానేసి కొనేవాడి కోసం చూస్తోందని అనుకోవచ్చు.

అసలు క్లబ్‌లు లోన్‌పై పంపేది అన్నిసార్లూ అనుభవం కోసం కాదు. ఇందులో డబ్బు లెక్క ఉంది. బయటి నుంచి కొన్న ఆటగాడి ధరను కాంట్రాక్ట్ ఏళ్ల మీద పంచి ఖర్చుగా రాస్తారు. అకాడమీలో పెరిగినవాడికి అలాంటి ధరే ఉండదు, కాబట్టి అతన్ని అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాది లాభమే. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న ప్రీమియర్ లీగ్ నిబంధన కింద క్లబ్‌లు నడిచిన కాలంలో, సొంత కుర్రాడు ఎంత బాగా ఆడితే అతన్ని అమ్మాలన్న ఒత్తిడి అంత పెరిగింది. వినడానికి వింతే గానీ జరిగింది అదే. ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన పాస్ ఇచ్చిన మౌంట్‌ను 2023లో 5.5 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. మరుసటి ఏడాది గాలగర్ అట్లెటికో మాడ్రిడ్‌కు వెళ్లాడు.

ఆటగాణ్ని లోన్ ద్వారా షోకేసులో పెట్టి అమ్మడం ఎలాగో చెల్సీ కుర్రాడు ఇయాన్ మాట్సెన్ విషయంలో స్పష్టంగా కనిపించింది. బర్న్‌లీ 2022-23లో ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అతను ఆ జట్టు లెఫ్ట్ బ్యాక్. 2024 జనవరిలో బొరుస్సియా డార్ట్‌మండ్‌కు వెళ్లి, అయిదు నెలల్లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. ఆ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ రెండో గోల్‌కు అతని తప్పుడు పాసే దారి తీసింది. అయినా ఆ వేసవిలో విల్లా అతనికి సుమారు 3.75 కోట్ల పౌండ్లు పెట్టింది. చెల్సీ డిఫెండర్ మార్క్ గేహి ముందే వెళ్లిపోయాడు: స్వాన్సీలో ఏడాదిన్నర లోన్, 2021లో ప్యాలెస్‌కు అమ్మకం. 2025 మేలో ప్యాలెస్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ ఎత్తాడు. తొమోరి మిలాన్ వెళ్లి 2022లో ఇటలీ లీగ్ గెలిచాడు. సొంత క్లబ్ అభిమానికి ఇవి చేదు వార్తలే, ఆటగాడి వైపు నుంచి చూస్తే మాత్రం లోన్ తన పని తాను చేసింది. ‘సక్సెస్’ అన్న ముద్ర వేసేముందు ఎవరి సక్సెస్ అన్నది తేల్చుకోవాలి.

ఒప్పందంలో రాసుకున్న షరతులు చదవడం తెలిస్తే సగం సంగతి అక్కడే దొరుకుతుంది. సీజన్ చివర కొనే అవకాశం మాత్రమే ఉంటే, నిర్ణయం లోన్‌పై తెచ్చుకున్న క్లబ్‌ది. మిలాన్ తొమోరిని అలాగే కొంది. కొనితీరాలన్న షరతు ఉంటే అది లోన్ పేరుతో జరిగిన అమ్మకమే. అలాంటివాడి గురించి ‘తిరిగొస్తే ఏ స్థానంలో ఆడతాడు’ అని చర్చించడం వృథా. ఆ షరతుకూ తప్పించుకునే దారులు ఉంటాయి. 2024-25లో మాంచెస్టర్ యునైటెడ్ నుంచి తెచ్చుకున్న జేడన్ సాంచోను చెల్సీ కొనాల్సి ఉండగా, 50 లక్షల పౌండ్లు జరిమానాగా కట్టి వెనక్కి పంపేసింది. ఇక జనవరిలో వెనక్కి పిలిచే హక్కు. ట్రెవో చలోబా 2024 ఆగస్టులో ప్యాలెస్‌కు వెళ్లాడు. అందరూ అతని చెల్సీ అధ్యాయం ముగిసిందనుకున్నారు. డిఫెండర్లకు గాయాలయ్యేసరికి జనవరిలో పిలిపించారు. కోల్‌విల్ పక్కన నిలబడి ఆ క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్ ఆడింది ఇతనే.

సొంత క్లబ్ మీదే ఆడాల్సి వస్తే? ప్రీమియర్ లీగ్‌లో అది కుదరదు, లోన్ ఆటగాడు సొంత క్లబ్‌తో మ్యాచ్‌కు పక్కన కూర్చోవాల్సిందే. ఎఫ్‌ఏ కప్‌లో సొంత క్లబ్ అనుమతి ఇవ్వాలి. 2022 ఏప్రిల్ సెమీఫైనల్లో ప్యాలెస్‌కు గాలగర్‌ను ఆడనివ్వడానికి చెల్సీ ఒప్పుకోలేదు. ఆ మ్యాచ్‌ను చెల్సీ 2-0తో గెలిచింది. గోల్స్ కొట్టింది రూబెన్ లాఫ్టస్-చీక్, మౌంట్. లాఫ్టస్-చీక్ నాలుగేళ్ల ముందు అదే ప్యాలెస్‌లో లోన్‌పై ఆడినవాడు! యూరప్ పోటీల్లో మాత్రం యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా ఈ అడ్డంకిని ఒప్పుకోదు. గోల్‌కీపర్ తిబో కోర్త్వాను చెల్సీ మూడు సీజన్లు అట్లెటికో మాడ్రిడ్‌కు ఇచ్చింది. 2014 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో ఆ రెండు జట్లే ఎదురుపడ్డాయి. ఏప్రిల్ 30న చెల్సీ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో అట్లెటికో 3-1తో గెలిచి ఫైనల్ చేరింది, కోర్త్వా తన సొంత క్లబ్‌ను ఆపాడు. ఆ వేసవిలోనే అతన్ని వెనక్కి తెచ్చి మొదటి గోల్‌కీపర్‌ను చేశారు.

లోన్‌పై వెళ్లే దశ రాకముందు ఉన్న పిల్లల్ని అంచనా వేయడం ఇంకా కష్టం. చెల్సీ అకాడమీ 2014 నుంచి 2018 దాకా వరసగా అయిదుసార్లు ఎఫ్‌ఏ యూత్ కప్ గెలిచింది. అన్ని కప్పులు గెలిచినా, ఆ అయిదేళ్లలో అక్కడి నుంచి మొదటి జట్టులో స్థిరపడినవాళ్లు దాదాపు లేరు. తోటి పిల్లల మీద గెలవడానికి పనికొచ్చే ఒడ్డూపొడుగూ, వేగం పెద్దవాళ్ల ముందు మామూలైపోతాయి. అండర్-21 లీగ్‌లో గోల్స్ కంటే, 2016 నుంచి ఆ వయసు జట్లను ఆడనిస్తున్న ఈఎఫ్‌ఎల్ ట్రోఫీలో మూడో, నాలుగో శ్రేణి క్లబ్బుల మీద వాళ్లు ఎలా ఆడారన్నది ఎక్కువ చెబుతుంది. ఎదురుగా ఉన్నవాడికి ఆటే జీతం, ఇంటి అద్దె. వాడు భుజంతో నెడితే తట్టుకుని బంతి కాపాడుకున్నాడా లేదా అన్నది ఏ గణాంకాల పట్టికలోనూ దొరకదు. అయినా అకాడమీ వాళ్లు కూడా పొరబడతారు. తర్వాత ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్‌గా ఎదిగిన డెక్లన్ రైస్‌ను 14 ఏళ్ల వయసులో వద్దని పంపేసింది ఈ చెల్సీయే.

ఈ లెక్కలన్నిటి మధ్య నలిగిపోయినవాళ్లూ ఉన్నారు. బ్రెజిల్ నుంచి 2011లో కుర్రాడిగా వచ్చిన లూకాస్ పియాజాన్‌ను మలాగా, వితెస్సే, ఫ్రాంక్‌ఫర్ట్, రెడింగ్, ఫుల్‌హామ్, కియేవో, రియో అవే అంటూ ఏడు క్లబ్బులకు తిప్పారు. చెల్సీకి అతను ఆడింది మూడు మ్యాచ్‌లు. 2021లో వెళ్లిపోయాడు. నైజీరియాతో 2013 ఆఫ్రికా కప్ గెలిచిన డిఫెండర్ కెనెత్ ఒమెరువో 2012 నుంచి 2019 దాకా చెల్సీ ఆటగాడే, కానీ ఆ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. దూరంగా ఉన్నవాళ్లను చూసి మాట్లాడి రావడానికి ఆ క్లబ్ ఎడ్డీ న్యూటన్, పాలో ఫెరీరా లాంటి మాజీ ఆటగాళ్లను కోచ్‌లుగా పెట్టింది. మంచి ఏర్పాటే. కానీ దాదాపు 40 మందిని వేర్వేరు దేశాల్లో పెట్టి అందరినీ పెంచుతున్నామంటే నమ్మడం కష్టం.

ఫిఫా కూడా నమ్మలేదు. 2022 జులై నుంచి అంతర్జాతీయ లోన్లకు హద్దు పెట్టింది: మొదటి ఏడాది ఒక క్లబ్ 8 మందిని పంపొచ్చు, తర్వాత 7, 2024 జులై నుంచి 6. ఒక్కో లోన్ ఏడాదికి మించకూడదు, లోన్‌పై తీసుకున్నవాణ్ని ఇంకొకరికి లోన్ ఇవ్వకూడదు, రెండు క్లబ్బుల మధ్య ఒకేసారి ముగ్గురికి మించకూడదు. అయితే 21 ఏళ్లలోపు వాళ్లనూ, సొంత అకాడమీలో పెరిగినవాళ్లనూ ఈ లెక్కలో కలపరు. పియాజాన్ లాంటి వాళ్లను ఇరవై అయిదేళ్లు దాటాక కూడా తిప్పే పద్ధతికి ఇది కళ్లెం వేసింది. చిన్న కుర్రాళ్లకు మాత్రం దారి తెరిచే ఉంది. ఒకే యజమాని చేతిలో రెండు మూడు దేశాల్లో క్లబ్బులు ఉన్నప్పుడు లోన్ అవసరం కూడా ఉండదు, అటు నేరుగా అమ్మి ఇటు నేరుగా కొనొచ్చు.

ఇకమీదట లోన్ జాబితాలో పేరు కనిపించగానే వయసుతో పాటు కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉందో చూడటం మేలు. వెళ్లేముందు కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి పంపినవాణ్ని క్లబ్ పోగొట్టుకోదలచుకోలేదు, కనీసం తక్కువ ధరకు వదలదలచుకోలేదు. రెండేళ్లలోపే మిగిలి, కొత్తది ఇవ్వకుండా 22 ఏళ్లవాణ్ని పంపారంటే, శనివారం రాత్రి అతను గోల్ కొట్టినప్పుడు ఎక్కువ సంతోషించేది జట్టు కోచ్ కాదు, క్లబ్ అమ్మకాలు చూసే అధికారి.